బ్రెజిల్ లిపి

సూరత్‌లో అడాజన్ వైపు, మా అపార్ట్‌మెంట్ల సొసైటీ కింద, ఇదివరకు పెళ్లిబట్టల షోరూమ్ ఉన్న చోట, ఈమధ్య జుజిత్సు అకాడమీ ఒకటి వెలిసింది. అద్దాల తలుపు, ఏసీ, నిమ్మగడ్డి వాసన చిమ్మే యంత్రం, గోడ నిండా పళ్లికిలించే తెల్లవాళ్ల ఫొటోలు. లోపల అడుగు పెట్టేటప్పుడు పరుపుకి వంగి దండం పెట్టాలట. ఇంటికొచ్చిన పెద్దవాళ్లకు నమస్కారం పెట్టమంటే ముఖం మాడ్చుకునే పిల్లలందరూ అక్కడ రబ్బరు పరుపుకి నడుములు విరిగేలా దండాలు పెడుతున్నారు. మా బిందు నాలుగో తరగతి. సొసైటీలో పిల్లలంతా చేరారు కదా, మనది ఒక్కటే వెనకబడిపోతుందేమోనని దాన్నీ చేర్చాను. బడిలో సైన్సు చెప్పే టీచరుగా నా వివేకం ఆమాత్రమే. చేరిన కొత్తలోనే దాని తెల్ల బెల్టు కొసన ఒక పట్టీ అతికించి పంపారు. యుద్ధం గెలిచొచ్చినట్టు దాన్ని లిఫ్టులో కనబడ్డవాళ్లందరికీ చూపించింది. ఏం చేసినందుకిచ్చారే అని అడిగితే, "రోజూ వస్తున్నందుకు" అంది. రోజూ వచ్చినందుకు పట్టీలిస్తే మగ్గాల కార్ఖానావాళ్లు మా నాయనకి ఒళ్లంతా అతికించాల్సి వచ్చేది.

పోయిన ఆదివారం తల్లిదండ్రులనూ పరుపు మీదికి పిలిచారు. తల్లులు జుట్టు సవరించుకుని, ఒకరి మెడ ఒకరు పట్టుకున్నట్టు నటిస్తూ ఫొటోలు దిగారు. తండ్రులు పొట్టలు లోపలికి పీల్చుకుని నిలబడ్డారు. కోచ్ పాతికేళ్ల కుర్రాడు, ప్రతి మాటకీ ముందో వెనకో 'టెక్నికలీ' తగిలిస్తాడు. నా ముందుకొచ్చి తన కాలరు చూపించి, "పకడియే ఆంటీ, డరియే మత్" అన్నాడు. నాకు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. ఆ ఆంటీకి ఒళ్లు మండి పట్టుకున్నాను. ఇన్నేళ్లలో ఎవరి కాలరూ పట్టుకోని చెయ్యి, నన్ను అడక్కుండానే లోపలి మడతలోకి వెళ్లి బిగుసుకుంది. రెండో చెయ్యి దాని కిందనుంచి దూరింది. కుర్రాడి ముఖం ఎర్రబడింది. వదలమన్నట్టు నా భుజం మీద గబగబా తట్టాడు. వదిలాను. దగ్గి, గొంతు సవరించుకుని, "ఆంటీ, ఆప్ లెఫ్టీ హో క్యా?" అన్నాడు. కాదన్నాను. అన్నం తినేదీ, సుద్దముక్క పట్టేదీ కుడిచేత్తోనే. ఇంకో పట్టు చూపించమన్నాడు. అదీ ఎడమవైపే. మరొకటీ అంతే. ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. డిండోలిలో మా పుట్టింట్లో, ఫోన్లో వీడియోలు చూసి అన్నాను. ఆ వీడియోల్లో గోడ మీద ఇంగ్లీషులా ఉండి ఇంగ్లీషు కాని అక్షరాలుండేవనీ, అది బ్రెజిల్ లిపి అని మాకు నేర్పినాయన చెప్పాడనీ కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

కుర్రాడు పరుపు మీద కూలబడి నవ్వాడు. బ్రెజిల్ వాళ్లకి వేరే లిపంటూ లేదట, వాళ్లు రాసేదీ ఇంగ్లీషు అక్షరాలేనట. అప్పట్లో దొంగతనంగా వీడియోలు పెట్టేవాళ్లు, పట్టుబడకుండా బొమ్మను కుడి ఎడమలు తిప్పేసి పెట్టేవారట. అంటే మేము చూసిందంతా అద్దంలో కనబడే బొమ్మ లాంటిది. కుడిచేతి విద్యనంతా ఎడమచేతికి నేర్చుకున్నామన్నమాట. "టెక్నికలీ ఆంటీ, ఆప్‌నే పూరా ఉల్టా సీఖా హై" అన్నాడు. మా బిందు అందరికంటే గట్టిగా నవ్వింది. మెట్లెక్కుతుంటే నాకు చెవులు కాలిపోయాయి. కోపం ఆ కుర్రాడి మీద కాదు, అలాంటివాడు ఇప్పుడు ప్రతి సొసైటీ కిందా ఒకడున్నాడు. మా సమ్మయ్య మామ మీద.

సమ్మయ్య మామ మా అమ్మకి తమ్ముడు. కరీంనగర్ వైపు పల్లెనుంచి మగ్గాల పనికని సూరత్ వచ్చి, ఏ కార్ఖానాలోనూ నిలవకుండా, డిండోలిలో మా ఇంట్లో మాత్రం గట్టిగా నిలిచాడు. ప్రతి చోటా సేఠ్‌తో గొడవే. మగ్గం తనకి తెలిసినంత సేఠ్‌కి తెలియదని ఆ సేఠ్ ముఖం మీదే చెప్పి, సంచీ పట్టుకుని వచ్చేసేవాడు. నోరు తెరిస్తే గొప్పలే. చిన్నప్పుడు జాతరలో పహిల్వాన్లను మట్టి కరిపించానని ఒకరోజు, కలెక్టరు తన భుజం మీద చెయ్యేసి మాట్లాడాడని ఇంకోరోజు. డుమస్ సముద్రంలో చాలా దూరం ఈదానని కూడా అన్నాడు. డుమస్‌లో ఆయన మోకాళ్ల లోతు దాటి దిగింది నేనెప్పుడూ చూడలేదు. నీళ్లకంటే అక్కడి బజ్జీల బండ్ల దగ్గరే ఎక్కువసేపుండేవాడు.

మా ఇల్లు రెండు గదులు. ముందుగదిలో అమ్మ చీరలకి రాళ్లు అంటించేది. చెక్క చట్రానికి చీర బిగించి, బంక చుక్క పెట్టి, పుల్ల కొసన మెరుపురాయి నిలబెట్టి, సరిగ్గా పువ్వు నడిమధ్యన అద్దడం. ఆ బంక వాసన మా అన్నంలోనూ ఉండేది, తలగడల్లోనూ ఉండేది. బడినుంచి రాగానే నేనూ ఆ చట్రం ముందు కూర్చోవాలి. నాయన కార్ఖానా నుంచి వచ్చేసరికి కనుబొమ్మల మీద తెల్లటి నూగు పేరుకుని ఒక్కరోజులో ముసలివాడైనట్టు కనిపించేవాడు. మగ్గాల మోతకి చెవులు మొద్దుబారి, ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరికి వినబడేలా అడిగేవాడు. కాళ్లు కడుక్కుని, పచ్చిపులుసుతో అన్నం తిని, ముందుగదిలో ఫ్యాన్ కింద పడుకునేవాడు. ఆ ఫ్యాన్ కింది జాగా ఆయనకి లోకంలో ఉన్న ఒకే ఒక్క భోగం. నాయనమ్మ గడప పక్కన పొగాకు నములుతూ వీధిలో పోయే ప్రతివాళ్ల నడకకీ కట్టుకీ వంకలు పెట్టేది. నాకు ఈ నోరు ఆవిడనుంచే వచ్చిందని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఉధ్నా స్టేషన్ దగ్గర ఫోన్లలో పాటలు, సినిమాలు ఎక్కించే దుకాణం ఒకటుండేది. నేను పదో తరగతిలో ఉండగా మామ అక్కడ మెమరీ కార్డు నింపించుకుని వచ్చాడు. ఫైటింగ్ సినిమాలు కావాలంటే దుకాణంవాడు చేతికందినవన్నీ పడేశాడు. వాటిలో ఒక తెల్లాయన మరో తెల్లాయన్ని కింద పడేసి, కాళ్ల మధ్య ఇరికించి, కాలరు పట్టి గొంతు బిగిస్తున్నాడు. మాటలు తీసేసి ఎవరో డప్పుల మోత పెట్టారు. అరచేతిలో సగం కూడా లేని ఆ తెరకి మామ ముక్కు ఆనించి చూసి, "గిది బ్రెజిల్ కుస్తీ. నాకు ఎన్కటి సంది ఎరికే" అన్నాడు. ఆ ముక్క దుకాణంవాడు చెప్పగా గంట కిందట తెలిసి ఉంటుంది. వీడియోలో వాళ్ల వెనక గోడ మీద అక్షరాలు నేను చదవబోయాను. మున్సిపాలిటీ తెలుగు బడి చదువైనా, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను. ఒక్క ముక్క పడలేదు. "ఇంగ్లీషు కాదే పిల్లా, గది బ్రెజిల్ లిపి. నీకేం సమజైతది" అన్నాడు. ఎంత ధీమాగా అన్నాడంటే, ఆయనకది చదవడం వచ్చేమోనని ఒక్క క్షణం నేనూ నమ్మాను.

వారం తిరిగేసరికి ఆయన సర్ అయిపోయాడు. కార్ఖానాల బయట పారేసే చిందీలు, అంటే బట్ట ముక్కలు, ఏరుకొచ్చి గోనెసంచుల్లో కూరి, వాటిని కలిపి కుట్టి పరుపన్నాడు. వాన పడితే అది తడికుక్క వాసన కొట్టేది. కొన్నాళ్లకి, ఉధ్నాలో పిల్లలకి పోటీ పెడుతున్నారని విని, దొరికిన గరుకు బట్టతో వీడియోలోవాళ్లు తొడుక్కున్నలాంటి జాకెట్లు కుట్టమని అమ్మను బతిమాలాడు. అమ్మ ఫోన్లో బొమ్మ చూసి బట్ట కత్తిరించింది. కుట్టేటప్పుడు ఆగి, "ఒరేయ్ సమ్మిగా, గీ తెల్లోడు ఆడోళ్ల అంగీ తొడుక్కున్నడేందిరా? కుడిపల్ల పైకొచ్చింది" అంది. మగవాళ్ల చొక్కాకి ఎడమ అంచు పైన ఉంటుంది, ఆడవాళ్ల దానికి కుడి అంచు. బట్టల మధ్య పుట్టి పెరిగిన మా ఇంట్లో అది నాయనమ్మకి కూడా తెలుసు. ఆవిడ గడప దగ్గరనుంచే పొగాకు ఉమ్మి, "సిగ్గులేనోడు" అంది. మామ ఫోను తీసుకుని చాలాసేపు చూశాడు. తరవాత "బ్రెజిల్ల గంతేనక్కా, ఫ్యాషన్" అన్నాడు. ఏ ప్రశ్నకైనా ఆయన దగ్గర ఇలాంటి జవాబొకటి తయారుగా ఉండేది.

వాడలో పిల్లలు కొందరు చేరి, గోనె గీరుకుని మోచేతులు మండగానే మానేశారు. చివరికి మిగిలింది నేనొక్కదాన్ని. కుస్తీ మీద ప్రేమతో కాదు, అది నేర్చుకున్నంతసేపూ రాళ్లు అంటించక్కర్లేదు. ఫోనును మేకుకి కట్టి వేలాడదీసి, మామ ఆపుతూ నడుపుతూ ఉంటే నేను చూసి చేసేదాన్ని. ఏ పట్టు పేరేమిటో తెలియదు కాబట్టి, మగ్గం మాటల్లోంచి మామే పేర్లు పెట్టాడు. రెండు చేతులూ అడ్డంగా దూర్చి కాలరుతో గొంతు బిగించే పట్టు పడుగుపేక. చెయ్యి పట్టి కాళ్ల మధ్య మెలితిప్పేది కండె. నేను నడుం తిప్పుతూ వెనక్కి పాకుతుంటే నాయనమ్మ, "పురుగు తీర్గ పాకుడుకు గింత చదువా" అనేది. మేనమామతో కుస్తీ ఏందని ఇరుగుపొరుగు మూతులు తిప్పితే మాత్రం, "వాని చేతులల్ల పెరిగిన పిల్ల, మీకేంది నొప్పి" అని వాళ్లనే కడిగేసింది.

మామ చేతగానితనం నాకు తొందరగానే దొరికిపోయింది. మొదట్లో నాలాగే వీడియో ప్రకారం చేసేవాడు. జాకెట్లు కుట్టిన తరవాత నుంచి నాకు చెప్పేది ఒకటి, తను చేసేది ఇంకొకటి. వీడియోలో తెల్లాయన ఏ చేత్తో పట్టుకుంటే నేనూ ఆ చేత్తో పట్టేదాన్ని. మామ మాత్రం రెండో చేత్తో మీదికొచ్చేవాడు, అదీ తడబడుతూ, కాళ్లు ఎక్కడ పెట్టాలో మరచిపోతూ. "చూసి కూడ చేయరాదా మామా?" అని వెక్కిరిస్తే, "నాది గురువు పట్టు, నీది శిష్యురాలి పట్టు" అనేవాడు. అంతకంటే పెద్ద వినోదం ఇంకొకటి. పగలు ఎవరూ లేరనుకున్నప్పుడు బీరువా అద్దం ముందు నిలబడి, ఫోనును గుండెకానించి పట్టుకుని, అద్దంలోకి చూస్తూ చేతులు తిప్పేవాడు. బడినుంచి ముందే వచ్చి ఒకటికి రెండుసార్లు చూశాను. నాయనకీ నాయనమ్మకీ అదంతా ఆడి చూపించాను. మామ తన అందం తనే చూసుకుంటున్నాడని ఇల్లంతా పడీ పడీ నవ్వింది. మామ కూడా తల దువ్వుకుంటూ నవ్వాడు.

నాయన నవ్వినది ఆ ఒక్కసారే. ఫ్యాన్ కింద ఆయన జాగాలో చిందీల పరుపు పడింది. షిఫ్టు దిగి వచ్చినవాడికి నిద్ర లేదు, ధబేల్ ధబేల్‌మని మేము పడే చప్పుడు. ఒక పొద్దున ఆయన ఆ పరుపును కాలితో తన్ని, మామతో తెగేసి చెప్పాడు. "ఉధ్నాల జిమ్మోళ్లు పోరగాండ్లకు పోటీ పెడ్తున్నరట గద. గా పోటీల పొల్ల గెలిస్తె నువ్వు గీ ఇంట్ల ఉండు. ఓడితె గటునుంచి గటే ఊరికి బండెక్కు." ఊళ్లో మామకి ఇల్లు కూలిపోయింది, పలకరించేవాళ్లు లేరు, ఇక్కడ పనిచ్చేవాళ్లూ లేరు. అమ్మ చట్రం మీంచి తల ఎత్తలేదు. పుట్టింటి వైపు ఆమెకి మిగిలిన మనిషి ఆయనొక్కడే. చీర మీద పువ్వు నడిమధ్యన పడాల్సిన రాయి పక్కకి పడింది. అమ్మ రాయి తప్పడం నేను అప్పుడే చూశాను. మామని నేను ఎంత తీసిపారేసినా, ఆ రాయి చూశాక నాకు అన్నం సహించలేదు. గెలవకపోతే ఆ చట్రం ముందు అమ్మ పక్కన కూర్చోవడం నావల్ల కాదనిపించింది.

పోటీ ఒక బడి హాల్లో. నా ఎదుట పడింది తాపీ నది అవతలి జూడో క్లాసు పిల్ల, నాకంటే పొడుగు. మంచుతెలుపు డ్రెస్సు, వెనక వాటర్ బాటిల్ పట్టుకున్న తండ్రి, పక్కన మెడలో ఈల తగిలించుకున్న కోచ్. మా బూడిదరంగు జాకెట్టు చూసి ఆ కోచ్, "యే క్యా, గోదామ్ సే ఆయే హో?" అన్నాడు. మామ తన సంచీ సర్దుకుని హాలుకే తెచ్చుకున్నాడు. అది గోడవారగా పెట్టి, దాని పక్కనే నిలబడ్డాడు. నాయన షిఫ్టునుంచి తిన్నగా వచ్చి, కనుబొమ్మల మీద నూగుతోనే చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఈల ఊదగానే ఆ పిల్ల కుడిచెయ్యి నా కాలరు మీదికొచ్చింది. రోజూ మామ చెయ్యి వచ్చే చోటికే, అదే వాలుగా. నాకు భయం పోయింది. ఆ చేతిని ఏం చెయ్యాలో నా చేతులకి తెలుసు. ఆ పిల్లకి మాత్రం నా ఎడమచెయ్యి ఎక్కడినుంచి వస్తోందో అంతుపట్టలేదు. ఒకసారి నన్ను పడేసింది కూడా, నేల మీద తల తగిలి కళ్లు బైర్లు కమ్మాయి. పురుగులా పాకి బయటపడ్డాను. కాళ్ల మధ్య ఇరికించి పడుగుపేక వేశాను. గరుకుబట్ట జాకెట్టు చిరుగుతున్న చప్పుడు వినబడింది, అయినా వదల్లేదు. ఆ పిల్ల నేల మీద చేత్తో కొట్టింది. జూడో కోచ్ అది ఏ పట్టు అని అడిగితే, మామ అప్పుడే ప్రాణం లేచొచ్చినట్టు, "ఖాస్ బ్రెజిల్ కా హై సాబ్, కిసీకో నహీఁ ఆతా" అన్నాడు. నాయన నా దగ్గరికి రాలేదు. గోడవారకి వెళ్లి మామ సంచీ తనే భుజానికి తగిలించుకుని, "ఏం చూస్తున్నవ్, ఇంటికి నడు" అని హాలంతా అదిరేలా అన్నాడు.

ఆ గెలుపు తరవాత మామ గొప్పలకి అదుపు లేకుండా పోయింది. నేను చదువులో పడి కుస్తీ మానేశాను. మామ మాత్రం సూరత్‌లో సగం మంది తన శిష్యులేనని చెప్పుకుంటూ తిరిగాడు. అవన్నీ వినీ వినీ, ఈ మనిషి దయవల్ల కాదు, నా ఒంట్లో సత్తువ వల్ల గెలిచానని నాకు నేను తేల్చి చెప్పుకున్నాను. ఇప్పుడు నాయన లేడు, నాయనమ్మ లేదు. అమ్మ కళ్లు రాళ్లకే అరిగిపోయాయి. మామ ఆ ఇంట్లోనే ఉండి అమ్మకి వండిపెడుతూ, సాయంత్రాలు వీధి మొదట్లో మిరపకాయ బజ్జీల బండి పెడతాడు. అకాడమీలో నవ్వులపాలైన మర్నాడు బడినుంచి నేరుగా స్కూటీ మీద అక్కడికే వెళ్లాను. ఇన్నేళ్ల గప్పాల మనిషికి ఇవాళ నోరు పడిపోవాలి, అది నేను కళ్లారా చూడాలి. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను.

"మామా, నీ బ్రెజిల్ లిపి బండారం బయటపడ్డది" అని, అంతా చెప్పాను. తిప్పేసిన బొమ్మ, ఎడమచెయ్యి, అందరూ నవ్వడం. ఆయన ముఖం ఎప్పుడు వాడుతుందా అని చూస్తున్నాను. మామ జల్లిగంటెతో బజ్జీలు ఎత్తి, నూనె కారిపోయేదాకా పట్టుకుని, "ఎరికే" అన్నాడు.

"ఏం ఎరిక? అన్నీ ఎరికే నీకు!"

"మీ అమ్మ అంగీ కుట్టుకుంట ఆడోళ్ల తీరున్నదనె గద. గప్పుడే అనుమానమొచ్చింది. ఫోను అద్దానికి చూపెట్టిన. గోడ మీదియి సక్కటి ఇంగ్లీషు అక్షరాలు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? గప్పటికే నీ చెయ్యి ఎడమకు అలవాటు పడ్డది. మొదటి సంది మల్ల నేర్పుదమంటె పోటీ నెత్తి మీదికొచ్చె. ఎడమనే ఉండనీ అనుకున్న. గని పోటీల అందరిది కుడిచెయ్యే ఉంటది గదనే. ఒక్క కుడిచెయ్యోడన్న రోజు నీ మీదికి రాకపోతె నువ్వెట్ల గెలుస్తవు? అందుకే నేను అద్దంల చూసి కుడిది నేర్చుకున్న. నాకు జర కష్టమే అయింది."

ఒక గిరాకీ వచ్చాడు. మామ వాడివైపు తిరిగి, ఇలాంటి మిరపకాయ సూరత్ మొత్తంలో ఎవడి దగ్గరా దొరకదనీ, పెద్ద పెద్ద హోటళ్లవాళ్లు వచ్చి తన దగ్గర నేర్చుకుపోయారనీ హిందీలో ఊదరగొట్టాడు. వినలేక చెవులు మూసుకోవాలనిపించే మాటలు. బజ్జీ గురించి ఇంత వాగే మనిషి, కలెక్టరు చెయ్యేసిన భుజం గురించి అంత వాగిన మనిషి, ఈ సంగతి ఒక్కటి నాయనకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు, అద్దం ముందు ఆయన్ని ఆడి చూపించి నేను ఇల్లంతా నవ్వించినప్పుడు కూడా చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ కోపమొచ్చింది.

"అన్నిటికి గప్పాలు కొడ్తవు గద, గిదొక్కటి ఎందుకు కొట్టకపోతివి?" అని అరిచాను. గిరాకీ ఉలిక్కిపడి చూశాడు.

"గెలిచింది నువ్వాయె. నడుమ నాదేముంది" అన్నాడు మామ, పిండిలో ఇంకో మిరపకాయ ముంచుతూ.

మామ కాగితంలో వేడి బజ్జీ పెట్టి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, నిమ్మకాయ పిండి నా ముందుకు చాపాడు. కళ్లు మసకగా ఉన్నాయి, చెయ్యి చాపాను. మామ కాగితం చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"తిండి ఎడమచేత్తో తీస్కుంటరానే ఎవలన్న?" అని కసిరాడు. "కుడి చెయ్యి పట్టు."